బంద్ రోజుల రీడింగులు

పదిరోజుల కిందట ఒక పొద్దున మా పాత కాలేజీ వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. కింద "మన ఫిజిక్స్ ల్యాబ్ మాజీ అటెండర్ మీర్‌పేట్‌లో కన్నుమూశారు, ఓం శాంతి" అని రాశారు. ఫొటోలో ఉన్నది ఆయన కాదు. లైబ్రరీలో పుస్తకాలు సర్దే ఇంకొకాయన. ఇద్దరికీ బట్టతల, అంతకుమించి పోలిక లేదు. పోయినాయన అటెండర్ కూడా కాదు, ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివిన ల్యాబ్ టెక్నీషియన్. మనిషి పోయాడని చెప్పే ఒక్క ముక్కలో రెండు తప్పులు. సాయంత్రానికి ఆ తప్పు ఫొటో కింద వందమందికి పైగా చేతులు జోడించారు. నేనూ జోడించాను.

తెలిసీ ఊరుకోవడం ఆయన విషయంలో నాకు కొత్త కాదు. అది చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. ఎల్బీనగర్ రింగురోడ్డు అవతల ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో నేను ఫిజిక్స్ చెప్పేదాన్ని. మాది తెనాలి వైపు. నాన్న బ్యాంకు ఉద్యోగం మీద వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో ఇల్లు కట్టుకున్నారు, నేను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. అయినా ఇంట్లో అన్నం దగ్గర కూర్చుంటే "వీళ్ళ గొడవలెప్పుడు ఆగుతాయో" అనే మాటతోనే పప్పు కలుపుకునేవాళ్ళం. మా డిపార్ట్‌మెంట్ హెడ్డుదీ మా వైపే. ఆయనదీ అదే మాట.

ల్యాబాయనది పోచంపల్లి దగ్గర ఒక చేనేత ఊరు. వాళ్ళ నాన్న మగ్గం వదిలి దిల్‌సుఖ్‌నగర్ చీరల కొట్లో పనికి కుదిరాడట. ఈయన చదువుకుని మా ల్యాబ్‌లో చేరాడు. పొట్టి చేతుల చొక్కా, జేబులో ఒక టెస్టరు, ఒక పెన్సిలు, భుజం మీద చిన్న చిన్న డైమండ్లు నేసిన పాత గుడ్డ ముక్క. ఆ గుడ్డతోనే మీటరు తుడిచేవాడు, మొహం తుడుచుకునేవాడు, పాఠమూ చెప్పేవాడు. ల్యాబ్ గడప దగ్గర చెప్పులు విడిపించేవాడు. ప్రిన్సిపాల్ వచ్చినా అంతే. "దుమ్ము సార్, దుమ్ము" అని నవ్వుతూనే దారికి అడ్డంగా నిలబడేవాడు.

అన్నిటికంటే ఆయనకు ముక్కు పిచ్చి. మీటరు మీద అంకె చూశాక వెంటనే రాసేవాడు కాదు. లేచి కిటికీ తలుపు తీసి, రెండుసార్లు చిన్నగా గాలి పీల్చి, అప్పుడొచ్చి రాసేవాడు. పొయ్యి మీద పప్పు అడుగంటుతోందేమోనని ముందు గదిలోంచే పసిగట్టే మా అమ్మలాగా. ఆయన రీడింగుల పుస్తకంలో తేదీ, టైము, వేడి, తేమ, నిరోధం అని అందరూ గీసే గళ్ళే ఉండేవి. చివర ఒక గడి మాత్రం ఎవరి పుస్తకంలోనూ లేనిది. దాని తలమీద "గాలి" అని తెలుగులో రాసుకున్నాడు. కింద "మూసారాంబాగ్ దిక్కు నుంచి, మూసీ వాసన", "మార్కెట్ల మామిడి", "వాన పడేటట్టున్నది", "పక్క సందుల సున్నాలు వేస్తున్నరు". నాకు నవ్వొచ్చేది.

"ఏంటండీ, కవిత్వమా?" అన్నాను ఒకసారి.

"కవిత్వం గాదు మేడం, కాలమ్," అన్నాడు. "దారం కొలిచేదే గాలిని. గాలిల ఏమున్నదో రాయకుంటె గా అంకెకు అర్థమేముంటది?"

దారం సంగతి చెప్పాలి. హెడ్డుగారికి ఢిల్లీ నుంచి ఒక చిన్న ప్రాజెక్టు వచ్చింది. కార్బన్ నానోట్యూబులతో అమ్మోనియా లీకును పట్టే అలారం తయారు చెయ్యాలి. కర్బనపు అణువులు పలకలా అల్లుకుని, ఆ పలక గొట్టంలా చుట్టుకుంటే అది నానోట్యూబు. వెంట్రుకను నిలువునా వేల పాయలు చీలిస్తే ఒక్క పాయంత సన్నం. సీసాలో చూస్తే మాత్రం కాటుక పొడి. సీసా వచ్చిన రోజున ఈయన చేసిన మొదటి పని, పాత స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతాన్ని సీసా పక్కన ఆనించడం. పొడి నెమ్మదిగా అటువైపు పాకింది.

"ఇనుము మిగిల్చిండ్రు," అన్నాడు, పచారీ కొట్లో పప్పులో రాళ్ళు దొరికినట్టు మొహం పెట్టి. నానోట్యూబులను ఇనుప రేణువుల మీద పెంచుతారు, ఆ ఇనుమును సరిగ్గా కడగకుండా అమ్మారన్నమాట. మూడు రోజులు యాసిడ్‌లో కడిగి, అయస్కాంతానికి కదలనంతవరకు కడిగి, అప్పుడు పని మొదలుపెట్టాడు.

పిల్లలకు నేను నలభై నిమిషాలు బోర్డు మీద లెక్కలు వేసి చెప్పి ఎక్కించలేనిది ఆయన భుజం మీది గుడ్డతో చెప్పాడు. గుడ్డను నిలువుగా చుట్టి అంచులు కలిపి చూపించాడు. డైమండ్ల గీతలు ఒకదానికొకటి సరిగ్గా కలిశాయి. కొంచెం ఏటవాలుగా చుట్టాడు. గీతలు తప్పిపోయాయి.

"గుడ్డ ఒక్కటే. చుట్టిన తీరే వేరు," అన్నాడు. "గిట్ల కలిస్తె కరెంటు తీగె తీరుగ పోతది. గిట్ల తప్పితె సెమీకండక్టర్. మూడు గొట్టాలుంటె ఒకటి తీగె, రెండు సెమీకండక్టర్లు. తీగెకు సుఖం. ఏ గాలి తగిలినా దానికి పట్టది. గాలి తగిలితె మారేదే మనకు పనికొస్తది."

తీగెకు సుఖం అనే మాట ఆయన ఊతపదం. మా స్టాఫ్‌రూములో ఎవరైనా ఏదీ పట్టనట్టు కూర్చుంటే నాతో మెల్లగా "తీగె" అనేవాడు. నేనూ నవ్వేదాన్ని. ఒకరోజు అది నాకే సరిపోతుందని అప్పుడు తెలియదు.

నానోట్యూబుల సిరాను అందరూ గాజు పలక మీద పోసి ఆరబెడతారు. మా దగ్గర అది ఆరేసరికి బీటలు వారేది. ఆయన ఊరెళ్ళి ఆసు పట్టుకొచ్చాడు. ముడులు కట్టి రంగులో ముంచేముందు నూలును పోసే చట్రం అది, ఒకవైపు అర్ధచంద్రంలా మేకులుంటాయి. దాని మీద వాళ్ళమ్మ ఇరవై ఏళ్ళు నూలు పోసి కుడిభుజం పోగొట్టుకుందట. ఈయన దాని మీద నూలు దారం పోసి, సిరాలో ముంచి ఆరబెట్టి, మళ్ళీ ముంచి, ఏడుసార్లు ముంచాడు. దారం నల్లగా నిగనిగలాడింది. రెండు చివరలకు మీటరు తగిలిస్తే అంకె నిలబడింది. అమ్మోనియా సీసా మూత తీస్తే అంకె పైకి లేచింది. మూత పెడితే మెల్లగా దిగింది. ఆ రోజు ఆయన గడప దాటి, చెప్పులు వేసుకోకుండా, ఎండలో కాలేజీ గ్రౌండంతా ఒక చుట్టు తిరిగొచ్చాడు.

దారం సెల్‌ఫోన్ సిగ్నల్‌ను కూడా పట్టేది. దగ్గరలో ఫోను మోగితే అంకె గంతులు వేసేది. అందుకని ఆయన తన స్టీలు టిఫిన్ గిన్నె మూతకు చిల్లులు పొడిచి దారాన్ని అందులో పెట్టాడు. ఆ తర్వాత మూడు గిన్నెల క్యారియర్‌లో రెండు గిన్నెల అన్నమే తెచ్చుకునేవాడు.

ఇదంతా ఎవరి కోసమో ఆయనకు బాగా తెలుసు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ వెనక ఒక కోల్డ్ స్టోరేజీలో అలారం పెట్టాలని హెడ్డుగారు మాట్లాడి పెట్టారు. అక్కడ చల్లదనానికి అమ్మోనియా వాడతారు. కంప్రెసర్ గది చూసే ఆపరేటరు ఒక్కడే, యాభై ఏళ్ళవాడు. మేం మొదటిసారి వెళ్ళినప్పుడు గదిలో నాకు కళ్ళు మండి నీళ్ళు కారాయి. అతను మాత్రం హాయిగా బీడీ వెతుక్కుంటున్నాడు.

"నా ముక్కు పాయె సార్," అన్నాడు. "ఇన్నేండ్లు గీ వాసన పీల్చి పీల్చి ఇప్పుడేం తెలుస్తలేదు. లీకైతె మొదలు నేనే పోత."

ఈయన అతని భుజం మీద చెయ్యి వేశాడు. "నీకు ముక్కు నేను చేసిస్త," అన్నాడు.

ఇక బంద్ రోజులు. ఆ రెండేళ్ళలో అవెన్ని వచ్చాయో లెక్క పెట్టినవాళ్ళు లేరు. దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాలో టైర్లు కాల్చేవారు, ఎల్బీనగర్‌లో రాస్తారోకోలు, రోడ్డు మీదే వంటావార్పు. కాలేజీకి తాళం, నేను ఇంట్లో. ఆయన మాత్రం మీర్‌పేట్ నుంచి నడిచి కాలేజీకి వచ్చి, వాచ్‌మన్‌తో తాళం తీయించి, రీడింగు తీసుకుని, మళ్ళీ వెళ్ళి రాస్తారోకోలో కూర్చునేవాడు. వంటావార్పులో విస్తరి ముందు కూర్చుని తిని, చేతులు కడుక్కుని రెండు గంటల రీడింగుకు తిరిగొచ్చేవాడట. "జై తెలంగాణ ఒక దిక్కు, డ్యూటీ ఒక దిక్కు, రెండు దిక్కుల నేనే" అనేవాడు.

ఒక సోమవారం పుస్తకం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. మొహంలో నవ్వు లేదు.

"పరేషాన్ ఉన్నది మేడం. టైర్ల పొగ ఒచ్చిననాడు అంకె కిందికి పోతున్నది. అమ్మోనియా పైకి గుంజుతది, పొగ కిందికి గుంజుతది. రెండూ ఒక్కసారి ఒస్తె అంకె కదుల్తలేదు. నేను సీసా మూత తీసి చూసిన. అలారం మోగలే."

పుస్తకంలో చూశాను. చివరి గడిలో "టైర్ల పొగ", "టైర్ల పొగ, బస్సు కాలింది", "టైర్ల పొగ". అట్లాంటివి పందొమ్మిది రోజులు.

అప్పటికి హెడ్డుగారు సెమినార్‌కు పేపరు పంపాలని తొందరలో ఉన్నారు. పేపరు రాసేది నేను. ఆయన కిందే పీహెచ్‌డీకి రిజిస్టరు చేసుకున్నాను. ఆయన ఆ పేజీలు చూసి, కళ్ళజోడు తీసి, "ఇది ల్యాబ్ పుస్తకమా, ఉద్యమ పత్రికా?" అన్నారు. తర్వాత నాతో, "గ్రాఫు శుభ్రంగా ఉండాలమ్మా" అని మాత్రం అన్నారు. తీసెయ్యమని అనలేదు. నిజం చెప్పాలంటే తీసేసింది నేనే.

ఆ సంగతి ల్యాబాయనకు నేనే చెప్పాను. "బంద్ రోజులు మామూలు రోజులు కాదు కదండీ. పేపర్లో మామూలు రోజులవి పెడదాం."

ఆయన గుడ్డతో మెడ తుడుచుకున్నాడు. "మామూలు రోజులెప్పుడు ఒస్తయి మేడం? మాకైతె గివే మామూలు రోజులు."

'మాకు' అన్న ఆ మాట నాకు గుచ్చుకుంది. ఇంట్లో పప్పు కలుపుకుంటూ రోజూ మేమనే 'వీళ్ళు' గుర్తు రాలేదు గానీ, ఆయన ఒక్కసారి 'మాకు' అంటే నాకు రోషం వచ్చింది. "మీకు, మాకు అని ల్యాబ్‌లో కూడా ఎందుకండీ?" అన్నాను, కావాలనే కొంచెం గట్టిగా.

ఆయన మొహం చిన్నబోయింది. "అయ్యో, గట్ల గాదు మేడం. తప్పైంది," అన్నాడు. పొగ గురించి చెప్పడానికొచ్చిన మనిషి చేత నేను క్షమాపణ చెప్పించాను. అంతటితో ఆగానా, గెలిచాననుకున్నాను కూడా.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగాడు. "పందొమ్మిది రోజులు తీసేయండ్రి. ఒక్క లైన్ రాయండ్రి మేడం. పొగ ఉన్ననాడు దీన్ని నమ్మొద్దని. ఒక్క లైన్."

చూద్దామన్నాను. పేపరు రాయడానికి కావాలని పుస్తకం ఇంటికి తీసుకెళ్ళాను. ఆ లైను రాయలేదు. రాస్తే గ్రాఫు అడుగున మచ్చలా ఉంటుందనిపించింది.

పేపరు అచ్చయ్యి వచ్చింది. మొదటి పేరు హెడ్డుగారిది, రెండోది నాది. ల్యాబాయన నిలబడే మొదటి పేజీ నుంచి చివరిదాకా వేలు పెట్టి చదివాడు. మళ్ళీ మొదటికి వచ్చి ఇంకోసారి చదివాడు. తన పేరు కోసం వెతుకుతున్నాడనుకుని నేను తల దించుకున్నాను. పేరు కోసం కాదు. పేపరు మడిచి నాకిస్తూ, "లైన్ లేదు మేడం," అన్నాడు.

ఎండాకాలంలో అలారం కోల్డ్ స్టోరేజీలో పెట్టారు. మామిడి లారీల మధ్య హెడ్డుగారికి, కోల్డ్ స్టోరేజీ యజమానికి దండలు వేశారు, ఫొటోలు తీశారు. గిన్నెలోని దారాన్ని తనే బిగించిన ల్యాబాయన ఆపరేటరును పక్కకు తీసుకెళ్ళి చెప్పడం నేను విన్నాను. "బంద్ నాడు గిది నమ్మకు. పొగ ఉంటె లోపలికి పోకు. నేనొస్త. నేనొచ్చినంకనే పో."

అన్నట్టే వెళ్ళేవాడు. బంద్ అని ముందురోజు తెలిస్తే చాలు, పొద్దున్నే మీర్‌పేట్‌లో బయల్దేరి, బస్సులుండవు గనక గడ్డిఅన్నారం దాకా నడిచి, ఆ కంప్రెసర్ గది బయట స్టూలు వేసుకుని సాయంత్రం దాకా కూర్చునేవాడు. ముక్కు లేని మనిషికి ముక్కుగా. రాస్తారోకోలు మానేశాడు. తోటివాళ్ళు ఉద్యమంలోంచి జారుకున్నాడని ఎగతాళి చేస్తే నవ్వి ఊరుకునేవాడు. నాతో మాత్రం, "ఆనాడు ఒక్క లైన్ రాస్తె నాకీ నడక తప్పేది మేడం" అన్నాడొకసారి. వేళాకోళంగానే అన్నాడు. నేను వేళాకోళంగానే తీసుకున్నాను.

అలా ఏడు బందులు గడిచాయి. ఎనిమిదో బంద్ రోజున ఆయన నడుచుకుంటూ ఎల్బీనగర్ చౌరస్తా దాటుతున్నాడు. రాస్తారోకోకు కూర్చున్నవాళ్ళను పోలీసులు వ్యాన్లెక్కిస్తున్నారు. ఈయన్నీ ఎక్కించారు. "నేను డ్యూటీకి పోతున్న సార్, గడ్డిఅన్నారం పోవాలె" అని బతిమాలాడట. "బంద్ నాడు నీకేం డ్యూటీరా" అని లోపలికి తోశారట. రోడ్డు మీద కూర్చున్నన్నాళ్ళూ ఎవరూ పట్టుకోలేదు. పనికి పోతుంటే పట్టుకున్నారు.

మార్కెట్ రోడ్డులో టైర్లు కాలుతున్నాయి. పొగ కోల్డ్ స్టోరేజీలోకి వచ్చింది. పదకొండింటికి కంప్రెసర్ గదిలో పైపు అతుకు దగ్గర లీకు మొదలైంది. ఆపరేటరు ఈయన కోసం చూశాడు, రాలేదు. అలారం వైపు చూశాడు, మోగలేదు. ఏడు బందులు ఏమీ కాలేదు గదా అనుకుని లోపలికి వెళ్ళాడు. బతికాడు. ఒక కన్ను పోయింది, రెండోది సగం.

విచారణ ప్రిన్సిపాల్ గదిలో జరిగింది. ప్రిన్సిపాల్, హెడ్డుగారు, కోల్డ్ స్టోరేజీ యజమాని, నేను కుర్చీల్లో కూర్చున్నాం. ల్యాబాయన నిలబడ్డాడు. రెండు రోజులు స్టేషన్‌లో ఉంచి వదిలేశారు, చొక్కా మార్చుకోలేదు.

"ఆ రోజు ఈయన ఎక్కడున్నాడో అడగండి సార్. పోలీసు వ్యాన్‌లో," అన్నారు హెడ్డుగారు. "దారం చేసింది ఈయనే, చూసుకోవాల్సింది ఈయనే."

"పొగ వల్ల అలారం మోగకపోవచ్చని ముందెవరికైనా తెలుసా?" అని ప్రిన్సిపాల్ అడిగారు.

"ఎర్కే సార్," అన్నాడు ఆయన. "నేను రాసిన. పందొమ్మిది దినాలవి పుస్తకంల ఉన్నయి."

"ఆ పుస్తకం ఏది?"

ఆయన నా వైపు చూశాడు. కోపంగా కాదు. మీటరు మీద అంకె నిలబడేదాకా ఓపిగ్గా చూసేవాడే, అలా చూశాడు.

పుస్తకం మా ఇంట్లో, నా బీరువాలో, చీరల కింద ఉంది. నాకు తెలుసు. హెడ్డుగారికీ తెలుసు. ఆయన సంతకం పెడితేనే నా పీహెచ్‌డీ. ఆ పేజీలు బయటికొస్తే గ్రాఫు తుడిచిన చెయ్యి నాదని తేలుతుంది. ఒక మనిషి కన్ను దాని కింద ఉంది.

"వెతకాలండి," అన్నాను.

అంతే అన్నాను. వెతకమన్నారు. తర్వాత ఎవరూ అడగలేదు. ల్యాబాయన "మేడం దగ్గరే ఉంది సార్" అని ఒక్క మాట అంటే నేనేం చేసేదాన్నో నాకు తెలియదు. ఆయన అనలేదు. నేనే అంటానని చూశాడు. ఆ సాయంత్రం ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. క్యారియర్ తీసుకుని గడప దాటి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. ఆసు మా ల్యాబ్ మూలనే ఉండిపోయింది. కొన్నాళ్ళకు దాని మీద పిల్లలు గొడుగులు తగిలించేవారు.

రాష్ట్రం వచ్చింది. కాలేజీలో స్వీట్లు పంచారు. హెడ్డుగారు రెండు తిన్నారు, గులాబీ రంగు పొడి చల్లుకుని ఫొటోలు కూడా దిగారు. ఎవరి నినాదం వాళ్ళు మార్చుకున్నంత తేలిగ్గా ల్యాబాయన ఉద్యోగం గురించి ఎవరూ మాట మార్చుకోలేదు. నాకు పీహెచ్‌డీ వచ్చింది. పేరు ముందు డాక్టర్ అని వేసుకున్నాను, ఇప్పటికీ వేసుకుంటున్నాను.

ఒకే ఒక్కసారి మళ్ళీ చూశాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల కొట్టుకు వెళ్తే, తెల్ల పరుపు మీద కూర్చుని పోచంపల్లి చీరలు విప్పి చూపిస్తున్నది ఆయనే. వెనక్కి తిరిగిపోదామనుకున్నాను. "రండ్రి మేడం, కూసోండ్రి," అన్నాడు. అదే నవ్వు. పది చీరలు విప్పాడు. ఒకదాని కొంగు గుండ్రంగా చుట్టి అంచులు కలిపి చూపించాడు. "కలిసినయి చూసిండ్రా? మంచి నేత."

నేను ఆపరేటరు ఎలా ఉన్నాడని అడిగాను.

"బతుకుతున్నడు. కనిపించే కన్నుకు గూడ పొగ పట్టినట్టు ఉంటదంట. ఆదివారం ఆదివారం పోయి చూసొస్త," అన్నాడు.

పుస్తకం గురించి అడుగుతాడేమోననుకున్నాను. అడగలేదు. ఇంకో చీర విప్పాడు. నేను మొదట చేతికందిందే కట్టించుకుని బయటపడ్డాను. ఆ చీర ఇంతవరకు కట్టలేదు.

నిన్న పదకొండో రోజు. పుస్తకం సంచిలో పెట్టుకుని మీర్‌పేట్ వెళ్ళాను. రెండు గదుల ఇల్లు. గోడ మీద ఫొటో, అది ఆయనదే. పక్కన చిలక్కొయ్యకు ఆ గుడ్డ ముక్క వేలాడుతోంది. ఆయన భార్యను నేనెప్పుడూ చూడలేదు. నా పేరు చెప్పకముందే, "మేడం గదా," అని లోపలికి పిలిచి చాప వేసింది.

పుస్తకం తీసి ఆమె ముందు పెట్టాను. ఆమె పేజీలు తిప్పింది. అంకెల మీద చూపు ఆగలేదు, చివరి గడి దగ్గర ఆగింది. కూడబలుక్కుని చదివింది. "మార్కెట్ల మామిడి... వాన పడేటట్టున్నది..." నవ్వబోయింది, నవ్వు సగంలో ఆగిపోయింది. పేజీ తిప్పింది. "టైర్ల పొగ. టైర్ల పొగ." పుస్తకం మూసి నా వైపు జరిపింది.

"నాకెందుకు మేడం గిది? ఆయన ఉన్నప్పుడు ఇస్తె తీస్కునేటోడు."

"నా దగ్గరుందని ఆయనకు..."

"ఎర్కే. మీ తాననే ఉన్నదని ఎర్కే," అంది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని నాకనిపించింది. "మేడం భయపడ్డది, ఎప్పుడన్న తెస్తది అనేటోడు. గేటు చప్పుడైతె లేసి చూసేటోడు. తెలంగాణ ఒచ్చినంక గూడ కొన్నొద్దులు గట్లనే అన్నడు. అటెన్క అనుడు బంద్ చేసిండు."

ఆమె లేచి మంచినీళ్ళు తెచ్చింది, తాగాను. పుస్తకం సంచిలో పెట్టుకుని గేటు తీసుకుని బయటికొచ్చాను. గేటు చప్పుడైంది.

గ్రూపులో ఆ తప్పు ఫొటో ఇంకా అలాగే ఉంది. ఈ రాత అచ్చయితే అదే గ్రూపులో పెడతాను. హెడ్డుగారు రిటైరయ్యారు గానీ ఆ గ్రూపులోనే ఉన్నారు, చదువుతారు. నన్నేమంటారో అననివ్వండి. ఇన్నేళ్ళకు ఆయన అడిగిన ఒక్క లైను రాస్తున్నాను.

పొగ ఉన్న రోజున ఈ దారం అమ్మోనియాను చూపించదు, దాన్ని నమ్మి లోపలికి వెళ్ళకండి. ఇది ఆయన కనిపెట్టింది. దాచింది నేను.